మెయూన ఎవరి మాట

విజ్ఞాన కోశం కార్యాలయం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 6

వదినా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని ముఖం చిట్లించకు. ఫోన్లో నువ్వు "ఆఁ, చూద్దాంలే" అని పెట్టేస్తావు. పైగా మా ఆఫీసులో ప్రతిదానికీ కాగితం కావాలి, అది ఫైల్లో ఉండాలి. కాబట్టి ఇది సగం ఆడపడుచు ఉత్తరం, సగం ఆఫీసు ఉత్తరం. ఏ సగం మీద కోపమొస్తే ఆ సగాన్ని తిట్టు.

కోశం కొత్త ముద్రణకి ‘మ’ అక్షరం నా బల్ల మీదికి వచ్చింది. అందులో ‘మెయూన శాఖ’ ఉంది. మా అన్నయ్య పెట్టిన పేరు. ఆ కొండవాలు మీద మాట్లాడే ఐదు చిన్న భాషలూ అక్కచెల్లెళ్ళని, పెద్ద భాషా కుటుంబంలో వాటిదొక విడి శాఖ అని మొదట తేల్చింది అన్నయ్యే కదా. ఆ పేరు పెట్టేదాకా పుస్తకాల్లో దాన్ని ‘నాలుగో శాఖ’ అనేవారు. చుట్టుపక్కల వాళ్ళయితే ఇంకో పేరు వాడేవారు, నోట్లో రాళ్ళున్నవాళ్ళు అని దాని అర్థం. అన్నయ్య ఆ రెండూ తీసేసి ‘మెయూన’ అన్నాడు. అది ఆ మనుషులు తమను తాము పిలుచుకునే పాత మాటని, ‘ఏటి ఒడ్డు’ అనే అర్థమున్న అతి ప్రాచీన ధాతువు నుంచి వచ్చిందని ఇరవై రెండు పేజీలు రాశాడు. ముప్ఫై ఏళ్ళుగా అందరూ అదే ఎత్తి రాసుకుంటున్నారు. మేమూ అంతే.

ఇప్పుడొక నర్సు మాకు ఉత్తరం రాసింది. ఆ ఐదు భాషల్లో ఒకటి వాళ్ళింటి భాషట. వాళ్ళ అమ్మమ్మ ఆ వాలంతటికీ మంత్రసాని. "మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. పాట్లో లేదు, తిట్లో లేదు. బడి పుస్తకంలోనే మొదటిసారి చూశాను. పాత తిట్టు పోయి బయటివాడు పెట్టిన కొత్త పేరు వచ్చిందా? ఈ పేరు కొట్టేయించాలని మావాళ్ళు మే నెలలో సభ పెట్టి తీర్మానం చేయబోతున్నారు. మీకు ఆ మాట ఎవరు చెప్పారో చూపించండి" అంది.

మా సంపాదకుడు గారు ఒక్కటే మాటన్నారు. ఆధారం దొరక్కపోతే ‘పరిశోధకుడి కల్పన’ అని వేసేద్దామని. వదినా, అన్నయ్య లేనిది కల్పించే మనిషి కాదు. నాలుగేళ్ళ కిందట పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా. ఆయన తరఫున మాట్లాడగలిగింది ఆ కార్డు ఒక్కటే. ప్రతి మాటకీ ఒక కార్డు రాసేవాడు కదా: చెప్పినది ఎవరు, విన్నది ఎవరు, ఏ రోజు, అర్థమేమిటి. విశ్వవిద్యాలయం స్టోర్‌లో అన్ని పెట్టెలూ ఉన్నాయి, ‘మ’ పెట్టె ఒక్కటే లేదు. అది మీ ఇంట్లో ఉంది. ఆ కార్డు జిరాక్సు తీయించి పంపు.

సూది


ఇంటి దగ్గర, వెనక గది
ఫిబ్రవరి 19

సూదమ్మా,

మీ అన్నయ్య నీకు ఊరికే పెట్టలేదు ఆ పేరు. పోయినవాళ్ళని కూడా గుచ్చకుండా వదలవు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వెనక గది కప్పు కారుతోంది. మేస్త్రీ వచ్చి చూసి, తల ఊపి, రేపొస్తానని వెళ్ళి పదిరోజులైంది. ఇంటి సామాను పెట్టెలన్నీ మంచం మీదికి ఎక్కించాను, నేను కింద పడుకుంటున్నాను. ‘మ’ పెట్టె అడుగున ఎక్కడో ఉండి ఉంటుంది. దాని తాళం కూడా కనబడటం లేదు. అదీగాక కళ్ళజోడు మార్చాలి, ఆయన చిన్న అక్షరాలు నాకిప్పుడు ఆనవు.

అయినా ఇప్పుడెందుకమ్మా ఇదంతా? ముప్ఫై ఏళ్ళు నడిచిన పేరు. నర్సు చిన్నపిల్ల అయివుంటుంది, వాళ్ళ అమ్మమ్మ మాటలన్నీ ఆమెకి తెలియాలని ఏముంది? మా అమ్మమ్మ మాటలు సగం నాకే తెలియవు. ‘అని పరిశోధకుల అభిప్రాయం’ అని ఒక ముక్క తగిలించు, సరిపోతుంది. మీవాళ్ళు అలాంటివి బాగానే రాస్తారుగా.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లు ఎక్కడం తగ్గించు. ఆఫీసు రెండో అంతస్తులో పెట్టినవాడికి మోకాళ్ళు లేవా?

వదిన


విజ్ఞాన కోశం కార్యాలయం
మార్చి 2

వదినా,

ఒకే ఉత్తరంలో మూడు సాకులు. కప్పు కారింది, తాళం పోయింది, కళ్ళు ఆనట్లేదు. ఒక్కటి చెప్పి ఉంటే నమ్మేదాన్ని. ఆ కార్డులన్నీ ఉన్నది నీ దస్తూరీలోనే కదా, అన్నయ్య అక్షరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఆయన పుస్తకం ముందు పేజీలోనే వేసుకున్నాడు, ‘కార్డులన్నీ శుభ్రంగా తిరగరాసిపెట్టిన నా భార్యకు’ అని. నీ అక్షరాలు నీకే ఆనడం లేదా?

ఇరవై ఆరేళ్ళుగా నాది ఇదే పని. ఎవరైనా మోకాలి నొప్పి గురించి అడిగారంటే అసలు ప్రశ్న దాటేశారని నాకు అర్థం. ఏదో ఉంది. ఆ కార్డు లేదా? ఉన్నా చూపించేలా లేదా?

లేకపోతే లేదని రాసెయ్. అప్పుడు అన్నయ్య పేరు పక్కన ఆ ‘కల్పన’ అనే మాట నా చేత్తోనే వేస్తాను. ఇంకెవరో వేసేకంటే అదే నయం. తాళం దొరక్కపోతే పగలగొట్టించు. మేస్త్రీ ఎలాగూ రేపొస్తాడు కదా.

సూది


ఇంటి దగ్గర
మార్చి 11

సూదీ,

తాళం దొరికింది. జిరాక్సు పంపుతున్నాను. చూసుకో. చెప్పినది మంత్రసాని, విన్నది మీ అన్నయ్య, అర్థం ‘పాత మాట, మేము’. కింద ఆయన సంతకం.

ఇక దీన్ని వదిలెయ్.

వదిన


ఇంటి నుంచి, ఆదివారం
మార్చి 20

వదిన గారికి,

ఈ ఉత్తరం ఆఫీసు కాగితం మీద రాయడం లేదు. రాస్తే ఫైల్లో పెట్టాల్సి వస్తుంది.

మీరు పంపిన కార్డు మీద తేదీ అక్టోబరు 14. ఏ ఏడాదో కూడా ఉంది. ఆ అక్టోబరులో నాకు అపెండిక్స్ ఆపరేషనైంది. టెలిగ్రాం అందగానే అన్నయ్య కొండవాలు నుంచి దిగి ఏడో తారీఖున వచ్చాడు, పద్దెనిమిదిన వెళ్ళాడు. పదకొండు రోజులూ నా మంచం పక్కన ఇనుప స్టూలు మీద కూర్చున్నాడు. పద్నాలుగున నాకు కుట్లు విప్పారు. ఆస్పత్రి కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, దాని మీద ఆ తేదీ ఉంది. కాగితం లేకపోయినా నేను మరిచిపోను. డాక్టరు కత్తెర తీయగానే నాకంటే ముందు అన్నయ్యకే కళ్ళు తిరిగాయి. నర్సులు నన్ను వదిలేసి ఆయన ముఖాన నీళ్ళు కొట్టారు. అలాంటి మనిషి అదే రోజు కొండ మీద మంత్రసాని ఎదుట కూర్చుని ఈ మాట ఎలా విన్నాడు?

నాకొక్కటే తోస్తోంది. అసలు కార్డు లేదు. నా ఉత్తరాలు చూసి, అన్నయ్య పరువు నిలబెట్టాలని, మీరే కూర్చుని ఈ కార్డు తయారు చేశారు. దస్తూరీ మీదే కనుక ఎవరూ కనిపెట్టలేరనుకున్నారు. ఆయన సంతకం కూడా పాతవాటిలోంచి చూసి గీసి ఉంటారు. తేదీ మాత్రం చూసుకోలేదు. అప్పుడు ఆయన ఎక్కడున్నాడో గుర్తున్నది ఈ లోకంలో నేనొక్కదాన్నే మరి.

మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ దొంగ కార్డుతో ఆయన్ని కాపాడలేరు, ఇంకా లోతుకు తోస్తారు. నాకు చాలా బాధగా ఉంది. జిరాక్సు కాదు, అసలు కార్డు పంపండి. కాగితం ఎప్పటిదో, సిరా ఎప్పటిదో చూడాలి.

మీ ఆడపడుచు


ఇంటి దగ్గర
మార్చి 28

సూదీ,

‘వదిన గారికి’ అన్నావు. ‘మీరు’ అన్నావు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నీకు పద్దెనిమిదేళ్ళు, గుమ్మంలో నిలబడి "నువ్వేనా మా వదినవి? నీకు సరిగ్గా ఎన్ని భాషలొచ్చు?" అని అడిగావు. అప్పుడు కూడా ‘నువ్వు’ అనే అన్నావు.

అసలు కార్డు ఇదిగో. చూపించుకో ఎవరికి చూపించుకుంటావో. ముప్ఫై నాలుగేళ్ళ కిందటి కాగితం, ఆ రోజుల్లో దొరికిన నీలం సిరా. సంతకం ఆయనదే.

తేదీ సంగతి నేను చెప్పను. పరిశోధకుడు పొరబడ్డాడని వేసుకో. పొరపాటు పడని మనిషెవరు? దానివల్ల ఆయన పరువేమీ పోదు. నన్ను ఇంక అడక్కు.

వదిన


విశ్వవిద్యాలయం స్టోర్, కింది గది
ఏప్రిల్ 9

వదినా,

సిరా పాతదే. కాగితం పాతదే. నిన్ను దొంగ అన్నాను. తప్పయింది. ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

నువ్వు అడగొద్దన్నావు కనుక అడగలేదు. వచ్చి చూశాను. మూడు రోజులు సెలవు పెట్టి ఈ స్టోర్‌లో కూర్చున్నాను. కిటికీ లేదు, ఒకే బల్బు. గుమస్తా నన్ను లోపల పెట్టి బయట గొళ్ళెం పెట్టుకుని భోజనానికి వెళ్తాడు. పెట్టెలన్నీ దించించాను. ఆ ఏడాది అక్టోబరు ఏడు నుంచి పద్దెనిమిది వరకు తేదీలున్న కార్డులు వేరు చేశాను.

ఎనభై మూడు ఉన్నాయి, వదినా. అన్నిటి మీదా ‘విన్నది’ అన్నచోట అన్నయ్య సంతకమే. ఆయన నా స్టూలు మీద కూర్చున్న రోజుల్లో ఎనభై మూడు మాటలు కొండ మీద విన్నాడు!

అప్పుడు ఆ మాటలేంటో చదవడం మొదలుపెట్టాను. పురిటి నొప్పుల్లో మూడు రకాలకు మూడు పేర్లు. పాలు పడకపోతే ఏమంటారు, పడి గడ్డకడితే ఏమంటారు. నెల తప్పితే చెల్లెలికి ఎలా చెప్తారు, అత్తకి ఎలా చెప్తారు. మొగుడు వింటుండగా అతన్ని తిట్టడానికి వాడే ఒక మాట. ఇవి ఏ ఆడది పరాయి మగవాడికి చెప్తుంది? ఆ తర్వాత మిగతా నెలల కార్డులూ తీశాను. బాలింతలు, చాకిరేవు, జోలపాటలు, అన్నీ ఆడవాళ్ళు చెప్పినవి, అన్నీ ఆయన ‘విన్నవి’. పదకొండు పెట్టెల్లో సగానికి పైనే.

మన బంధువులందరికీ నేనొకటి చెప్పేదాన్ని, నీకు తెలుసో లేదో. వదిన అన్నయ్యకి వండిపెట్టడానికి కొండెక్కిందని. నవ్వుతూ చెప్పేదాన్ని, వాళ్ళూ నవ్వేవారు.

ఇప్పుడు అడుగుతున్నాను, కాగితం మీదే అడుగుతున్నాను. ఆ ఎనభై మూడు మాటలూ విన్నదెవరు? మెయూన అనే మాట విన్నదెవరు? ఇది ఏ ఫైల్లోనూ పెట్టను. నువ్వు పెట్టమంటే తప్ప.

సూది


ఇంటి దగ్గర, వెనక గది
ఏప్రిల్ 22

సూదమ్మా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇదైనా పూర్తవుతుందో లేదో.

నేనే విన్నాను. నీకు తెలిసిపోయిందిగా, ఇక దాచేదేముంది. వాళ్ళ ఆడవాళ్ళు పరాయి మగవాడి ఎదుట కూర్చోరు. మీ అన్నయ్య మగవాళ్ళతో మాట్లాడేవారు, నేను చాకిరేవుకి వెళ్ళేదాన్ని. బట్టలు ఉతికే బండ పక్కన నాకొక రాయి ఇచ్చారు కూర్చోవడానికి. పొద్దున వెళ్తే ఎండెక్కేదాకా వినడం, మధ్యాహ్నం కార్డులు రాయడం. నాకు డిగ్రీ లేదు. డిగ్రీ లేనివాళ్ళు విన్న మాట విశ్వవిద్యాలయం ఒప్పుకోదట. అందుకని వారానికోసారి కట్టలు ముందు పెడితే, ఆయన కింద వరసగా సంతకాలు పెట్టుకుంటూ పోయేవారు. మొదటి కట్టకి "నీకేం అభ్యంతరం లేదుగా?" అన్నారు. లేదన్నాను. రెండో కట్టకి అడగలేదు. కోపం లేదని రాయబోయి ఆగాను. ఉంది. ఆయన ఉండగా ఎప్పుడూ చెప్పలేదు.

ఇక ఆ మాట. ఆయన నీ దగ్గరికి వస్తూ, తిరిగొచ్చేసరికి ఈ ఐదు భాషలకీ కలిపి వాళ్ళు వాడుకునే పేరేదైనా ఉందేమో కనుక్కోమని చెప్పి వెళ్ళారు. చాకిరేవులో అడిగాను. అక్కడ ఐదు భాషల ఆడవాళ్ళూ వస్తారు, ఒకరి మాట ఒకరికి సగం సగం అర్థమవుతుంది. అడిగితే అందరూ నవ్వారు. "మాకు పేరెందుకు? మేం మేమే" అన్నారు. పుస్తకంలో రాయడానికి అన్నాను. పుస్తకంలో ఇప్పుడేముందని అడిగారు. నేను ‘నాలుగోది’ అని ఊరుకోకుండా నోరు జారి ఆ పక్క ఊళ్ళవాళ్ళ మాట చెప్పాను, నోట్లో రాళ్ళున్నవాళ్ళు అన్నది. నవ్వు ఆగిపోయింది. ఆ రోజు ఇంకెవరూ నాతో మాట్లాడలేదు.

మర్నాడు మంత్రసాని తనే వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఏడుగురు కూర్చున్నారు. పేరు మేమే పెట్టుకుంటాం, రాసుకో అన్నారు. రెండు రోజులు కొట్టుకున్నారు తల్లీ! ఒకరు ‘కొండ’ అంటే ఇంకొకరు ఆ మాటతో మా అత్త నన్ను తిట్టేది అన్నారు. ‘ఏరు’ అంటే పైవాళ్ళకి ఏరు లేదు. ‘మనవాళ్ళు’ అంటే ఎవరి మనవాళ్ళు అని పోట్లాట. ఏ పాత మాట తీసినా దాంతో ఎవరో ఎవర్నో ఎప్పుడో అవమానించే ఉన్నారు. చివరికి మంత్రసాని అంది, "పాతవేవీ వద్దు. ఇంతవరకూ ఎవరి నోటా తిట్టుగా రానిది కావాలి. పళ్ళు రాని పిల్లా, పళ్ళూడిన ముసలీ కూడా అనగలిగేది కావాలి." అప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో చప్పుడు చేసి చూశారు. ఏడుగురు పెద్దాడవాళ్ళు బండల మీద కూర్చుని ‘మమ, నెమ, యూయూ’ అంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వడం. ఒకామె ఒళ్ళోని చంటిపిల్ల ‘మెయూ’ అంది. మంత్రసాని దాని చివర ‘న’ పెట్టింది. అందరూ అని చూశారు. ఇదే అన్నారు. అక్టోబరు 14.

దానికి అర్థం లేదు సూదీ. ధాతువూ లేదు, ఒడ్డూ లేదు.

లేచేముందు మంత్రసాని నా చేత మాట తీసుకుంది. "నిన్న పుట్టిన పేరని తెలిస్తే మా మగవాళ్ళు ఒప్పుకోరు, పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. మా అవ్వల నాటి మాటని రాయి" అంది. నేను ఒప్పుకున్నాను. కార్డు మీద ‘పాత మాట; మేము’ అని రాశాను. ఏ మాటకీ అబద్ధం రాయని దాన్ని ఆ ఒక్కదానికి రాశాను. అర్థం దగ్గర అబద్ధం రాసిన చెయ్యి తేదీ దగ్గర అలవాటుకొద్దీ నిజం రాసేసింది. ఆయన చూడకుండా సంతకం పెట్టారు.

పేరు పేరుగా వాడుకుంటారనుకున్నాను. దాని మూలం తవ్వుతారని నాకేం తెలుసు? మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ వచ్చారు, ధాతువు దొరికిందని. ఆ ఇరవై రెండు పేజీలూ నిలబడే చదివి వినిపించారు. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఆయన ముఖం ఎలా ఉందో నీకు చెప్పలేను. మా పెళ్ళిలో కూడా అంత సంతోషం చూడలేదు. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూ ఒకే చొక్కా మూడుసార్లు మడతపెట్టాను. "ఎలా ఉంది?" అన్నారు. బాగుందన్నాను.

నీకు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమైందనుకుంటా. ఆ ఒక్క మాట ఆయన వినలేదని ఒప్పుకుంటే, మిగతావి ఎవరు విన్నారని అడుగుతారు. అడగడానికి నీలాంటి సూదులు ఉండనే ఉంటారు. పొరబడ్డాడని రాస్తే ఆయన పండితుడిగానే మిగులుతారు. నిజం రాస్తే పెళ్ళాం విన్నవాటికి తన సంతకం పెట్టుకున్న మనిషవుతారు. నాకు ఆయన అలా మిగలడం ఇష్టం లేదు.

కానీ ఆ పిల్ల, ఆ నర్సు. వాళ్ళ అమ్మమ్మే పెట్టిన పేరుని బయటివాడి పేరని కొట్టేయించబోతోంది. నేను నోరు మూసుకుంటే కొట్టేస్తారు. మంత్రసానికి ఇచ్చిన మాట తప్పుతున్నానన్నది నిజమే, కానీ ఇప్పుడు నిలబెట్టుకుంటే ఆమె పెట్టిన పేరే ఉండదు.

ఈ ఉత్తరం ఆమెకి చూపించు. ఫైల్లో పెట్టు.

వదిన


విజ్ఞాన కోశం కార్యాలయం
మే 7

వదినా,

నీ ఉత్తరం నర్సుకి పంపాను. వారం తర్వాత నాలుగే వాక్యాలు రాసింది. "ఉత్తరం మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మకి ఇప్పుడు పళ్ళు లేవు. అనమన్నాను, అంది. సభలో ఈ ఉత్తరం నేనే చదువుతాను, తీర్మానం సంగతి తర్వాత చూద్దాం." వచ్చే నెల వాళ్ళమ్మతో నీ దగ్గరికి వస్తుందట, అడ్రసు ఇచ్చాను.

సంపాదకుడు గారు నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. వెయ్యండి అన్నారు. నేనే రాశాను. ప్రూఫు దీనితో పంపుతున్నాను.

‘మెయూన శాఖ: ఐదు భాషలు గల శాఖ. ఈ పేరు ప్రాచీన పదం కాదు. దీనికి ధాతువు చూపిన వాదం నిలవదు. పూర్వం ఇతరులు పెట్టిన అవమానకరమైన పేరుకు బదులుగా, ఆ ఐదు భాషలకు చెందిన ఏడుగురు స్త్రీలు ఒక మంత్రసాని ఆధ్వర్యంలో, పరిశోధక దంపతుల సమక్షంలో, చర్చించి కల్పించుకున్న పేరు. ఎవరినీ ఎన్నడూ నిందించడానికి వాడని మాట కావాలన్నది వారి నియమం.’

నువ్వు చెప్పింది చెప్పినట్టే వేశాను. అన్నయ్య ఇరవై రెండు పేజీలూ ఒక్క వాక్యంలో పోయాయి. రాస్తుంటే కన్నీళ్ళాగలేదు. ఇక ఎవరూ వేలెత్తి చూపించే పని లేదు, నిన్నూ ఆయన్నీ కూడా.

ప్రూఫు కింద సంతకం చేసి ఈ నెల ఇరవైలోగా అందేలా పంపు. తప్పులేమీ ఉండవులే, రెండుసార్లు చూశాను.

నీ సూది


ఇంటి దగ్గర
మే 12

సూదమ్మా,

ప్రూఫు చదివాను. మూడుసార్లు చదివాను. చాలా బాగా రాశావు. మంత్రసాని నియమం అంత సూటిగా నేను చెప్పలేకపోయేదాన్ని.

‘పరిశోధక దంపతుల సమక్షంలో’ అన్నావు. ఆ రోజు మీ అన్నయ్య నీ మంచం పక్కన కళ్ళు తిరిగి పడి ఉన్నారు. ఆ సంగతి నాకు చెప్పింది నువ్వే. ఏదో తొందరలో పడిన మాట అనుకోను, నువ్వు కామా కూడా తొందరలో పెట్టవు. ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టేస్తే, ఎవరు విన్నారన్న ప్రశ్నే రాదని రాశావు. నా దగ్గర రెండు నెలలు కూపీ లాగి, దొంగనని నిందించి, చివరికి నువ్వూ ఆయన కోసం ఒక అబద్ధం రాశావు.

నీ మీద కోపం రాలేదు. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఇన్నేళ్ళలో, మనిద్దరం ఒకే మనిషిని పోగొట్టుకున్నామని నాకు ఇవాళే అనిపించింది.

ఉంచేద్దామనే అనుకున్నాను. నిజంగానే సంతకం చేసి కవరులో పెట్టి జిగురు రాశాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళాను కూడా. కవరు సగం లోపల పెట్టి, మళ్ళీ తీసుకుని ఇంటికొచ్చేశాను. ఆ పిల్ల వాళ్ళమ్మని తీసుకుని ఇక్కడికి వస్తుంది. వాళ్ళ అమ్మమ్మ దగ్గర కూర్చుని విన్నదెవరని అడుగుతుంది. వాళ్ళు ఏడుగురూ నమ్మి నోరు విప్పింది నా ఎదుట. ఆయన ఎదుట కాదు. ఆయన అక్కడ ఉన్నారని అచ్చువేస్తే, పరాయి మగవాడి ముందు వాళ్ళు అలా కూర్చున్నారని చెప్పినట్టు. వాళ్ళ మీద ఆ మాట వెయ్యలేను.

కవరు చింపి, ‘దంపతుల’ కొట్టేసి పైన నా పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, పూర్తిగా. రాస్తుంటే ఆయన్ని ఇంట్లోంచి పంపించేస్తున్నట్టు అనిపించింది. అయినా రాశాను.

ప్రూఫు దీనితోనే ఉంది. మళ్ళీ మార్చకు.

వదిన